పెట్టె మనది, పాట ఎవరిది?

రేడియో గల ప్రతి ఇంటిలోను రెండు సొత్తులున్నవి. ఒకటి కంటికి కనిపించు పెట్టె. రెండవది చెవికి వినిపించు పాట. పెట్టెను ఏలూరు పవర్‌పేటలోనో, తాడేపల్లిగూడెము బజారులోనో వెల యిచ్చి కొని, రసీదు పుచ్చుకొని ఇంటికి తెచ్చుకొందుము. అది మనదే. పాటను మాత్రము ఎవరును మనకు అమ్మలేదు. అది గాలిలో వచ్చి మన చెవిని పడినది. అయినను పెట్టెతో పాటు పాట కూడ మనదే యని మనస్సు అనుకొనుచుండును. వల ఒకరిది, నీరు ఊరిది, మరి చేప ఎవరిది అను తగవు కొల్లేటి లంకల వారికి కొత్త కాదు. రేడియో, కాసెట్టు, వీడియో, చేతి ఫోను - వీని వెనుక నూరేండ్లకు పైగా నడచిన వివాదములు కూడ ఆ జాతివే.

ఇవి దూరదేశపు కోటీశ్వరుల తగవులు, మనకేమి యని ఊరకుండుటకు వీలు లేదు. పెండ్లివారు మైకు పెట్టినచో "పాటలకు లైసెన్సు ఏది?" అని అడిగిన సందర్భములు మన దేశములో పెక్కు కలవు. అడిగినవారికి ఆ హక్కున్నదా? ఇంటివారు డబ్బు ఇయ్యవలెనా? ఇయ్యకున్నచో ఆ పాట వ్రాసినవానికి అన్యాయము చేసినట్లగునా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలియవలెనన్న, ముందుగా పెట్టె తగవును, పాట తగవును వేరు చేసి చూడవలెను.

పెట్టెలోని పనితనమును కనిపెట్టినవానికి చట్టమిచ్చు హక్కు పేటెంటు. పాటను, పద్యమును, కథను సృష్టించినవానికి ఇచ్చునది కాపీరైటు. పాత పుస్తకముల తొలి పుటలలో "సర్వహక్కులు గ్రంథకర్తవి" అని అచ్చువేయుట మనమందరము చూచినదే, అదియే కాపీరైటు. పేటెంటు నేడు మన దేశములో 20 ఏండ్లు నిలుచును. కాపీరైటు రచయిత జీవితకాలమును, ఆ తరువాత మరి 60 ఏండ్లును నిలుచును. రెండింటికిని గడువున్నది. గడువు తీరిన పిదప ఆ సొత్తు అందరిది. ఈ గడువు అను మాటను శ్రోతలు గుర్తుంచుకొందురు గాక.

ముందు పెట్టె కథ. నిస్తంత్రీ వార్త, అనగా తీగ లేని వార్త, ఎవరి సొత్తు? మార్కోని తన ప్రసిద్ధమైన 7777వ సంఖ్య గల బ్రిటిష్ పేటెంటును 1900లో పొందినాడు. కలకత్తాలో జగదీశచంద్ర బోసు అంతకు ముందే సూక్ష్మ విద్యుత్తరంగములపై ప్రయోగములు చేసి చూపినాడు. తాను కనుగొన్న దానిని సొమ్ము చేసికొనుట బోసునకు ఇష్టము లేదు. మిత్రుల ఒత్తిడి మీద 1901లో అమెరికాలో దరఖాస్తు చేయగా, తరంగములను పసిగట్టు సాధనమునకు 1904లో 755840వ సంఖ్య గల పేటెంటు ఆయనకు లభించినది. ఇక మార్కోని కంపెనీ అమెరికా ప్రభుత్వముపై వేసిన దావా ఏండ్లు నడచి, 1943 జూన్ 21న ఆ దేశపు సుప్రీంకోర్టులో తీర్పునకు వచ్చినది. లాడ్జి, టెస్లా, స్టోను అనువారు ముందుగానే చేసిన పనిని చూపి, మార్కోని అమెరికా పేటెంటులోని ముఖ్యమైన క్లెయిములు చెల్లవని కోర్టు చెప్పినది. అప్పటికి మార్కోని చనిపోయి ఆరేండ్లయినది. టెస్లా ఆ సంవత్సరము జనవరిలోనే కన్నుమూసినాడు. ప్రపంచము మాత్రము ఆ తీర్పు కొరకు వేచియుండలేదు. ఇండ్లలో రేడియోలు అప్పటికే పాడుచున్నవి.

ఇంతకంటె విషాదకరమైనది ఎఫ్.ఎం. కథ. గరగర లేకుండ, పక్కగదిలో మనిషి మాటలాడినట్లు నేడు మనము వినుచున్న ఈ పద్ధతికి ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగు అను అమెరికను ఇంజనీరు 1933లో పేటెంటులు పొందినాడు. రేడియో పరిశ్రమలో పెద్ద సంస్థయైన ఆర్.సి.ఎ. ఆయన కోరిన రాయల్టీ ఇయ్యలేదు. 1948లో ఆయన దావా వేసినాడు. వాయిదాలమీద వాయిదాలు నడచినవి. పేటెంటు గడువులు తీరిపోవుచున్నవి. చేతిలోని ధనము హరించిపోవుచున్నది. 1954లో ఆర్మ్‌స్ట్రాంగు తన ప్రాణము తానే తీసికొనినాడు. ఆయన భార్య మేరియను ఆ దావాలను విడువక నడపినది. ఆర్.సి.ఎ. ఆ సంవత్సరమే రాజీకి వచ్చినది. కడపటి విజయము 1967లో మోటొరోలా కంపెనీపై దక్కినది. మన దేశములో ఎఫ్.ఎం. ప్రసారము 1977లో మద్రాసులో ప్రారంభమైనది. హక్కు కాగితము చేతిలో నుండుట వేరు, ఆ హక్కు ఫలము అనుభవించుట వేరు అని ఈ కథ చెప్పుచున్నది.

కాసెట్టు చరిత్ర మరియొక తీరు. హాలెండు దేశపు ఫిలిప్సు కంపెనీ 1963లో బెర్లిను ప్రదర్శనలో అరచేతిలో ఇముడు కాసెట్టును చూపినది. 1965లో జర్మనీకి చెందిన గ్రుండిగు కంపెనీ వేరొక రకము కాసెట్టును పోటీగా దింపినది. ఫిలిప్సు తన పద్ధతిని ఇతర కంపెనీలకు రాయల్టీ లేకుండ వాడుకొననిచ్చినది. అందువలన ఫిలిప్సు కాసెట్టే లోకమంతట నిలిచినది. గ్రుండిగు కాసెట్టు రెండేండ్లలో మరుగున పడినది. 1980లలో ప్రతి పల్లెలోని టేపురికార్డరులోను తిరిగిన కాసెట్టు ఇదియే. విడిచి పెట్టినవాడు కొన్ని వేళల పట్టుకొనినవానికంటె ఎక్కువ గెలుచును.

వీడియోలో అట్లు జరుగలేదు. సోనీ కంపెనీ 1975లో బీటామాక్సును తెచ్చినది, జె.వి.సి. కంపెనీ 1976లో వి.హెచ్.ఎస్. తెచ్చినది. తొలి బీటా టేపులో ఒక గంట పట్టును, వి.హెచ్.ఎస్. టేపులో రెండు గంటలు పట్టును. సినిమా చూడదలచిన ఇల్లాలికి ఏది కావలెనో వేరుగ చెప్పనక్కరలేదు. 1988లో సోనీయే వి.హెచ్.ఎస్. యంత్రములను తయారుచేయ మొదలుపెట్టినది. పోటీలో ఓడిన ఆ కంపెనీయే కోర్టులో మాత్రము ఇండ్లకు పెద్ద మేలు చేసినది. ఇంటిలో టెలివిజను కార్యక్రమమును టేపు చేసికొనుట దొంగతనమని యూనివర్సలు, డిస్నీ సంస్థలు 1976లో దావా వేసినవి. వేళకు చూడ వీలుగాక తరువాత చూచుకొనుటకై టేపు చేసికొనుట తప్పు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984 జనవరి 17న చెప్పినది. అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు రెండవవైపు. ఒక్క ఓటుతో గృహస్థు గెలిచినాడు. మన చట్టములో కూడ స్వంత వాడుకకై న్యాయమైన మేరకు వినియోగించుకొనుటకు చోటున్నది.

ఇక చేతిలోని ఫోను. స్వీడను దేశపు ఎరిక్సను కంపెనీ తన పేటెంటులను అనుమతి లేక వాడినారని చైనాకు చెందిన షియోమీ కంపెనీపై మన దేశములోనే దావా వేసినది. 2014 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు షియోమీ ఫోనుల అమ్మకమును ఆపించినది. కొద్ది దినములకే, ఒక రకము చిప్పు గల ఫోనులను మాత్రము, ఒక్కొక్క దానికి 100 రూపాయల చొప్పున కోర్టులో జమచేయు షరతుపై అమ్మనిచ్చినది. కొల్లేటి చెరువు గట్టున రాత్రి కాపలా ఉండి పాటలు వినువానికి ఈ దావా సంగతి తెలియదు. కాని ఇట్టి రాయల్టీల భారము తుదకు ఫోను వెలలో కలియుచుండును. పెట్టె తగవులలో మనలను ఎవరును సాక్ష్యమునకు పిలువరు. మన వంతు వెల చెల్లించుటతో తీరును. పెట్టె ఇంటికి వచ్చిన పిదప దాని పేటెంటు గురించి మనలను అడుగువారు లేరు.

పాట అట్లు కాదు. పాట ఇంటికి వచ్చిన పిదపనే అసలు ప్రశ్న మొదలగును. ఏలయన ఒక పాటకు ఒక్కరు కాదు, పలువురు స్వాములు. 1962లో వెలువడిన "గుండమ్మ కథ" చిత్రమును తీసికొందము. సినిమాకు కాపీరైటు విడుదలైన నాటినుండి 60 ఏండ్లు. కనుక అది 2022తో తీరినది. ఆ ఏడే వెలువడిన రికార్డునకును అదియే లెక్క. కాని పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లో స్వర్గస్థులైనారు. సాహిత్యముపై గడువు 2031 దాక ఉన్నది. స్వరములు కూర్చిన ఘంటసాలగారు 1974లో పోయినారు. సంగీతముపై గడువు 2034 దాక ఉన్నది. సినిమా అందరిదైనది, అందులోని పాట ఇంకను కాలేదు.

ఇంకను దగ్గరి ఉదాహరణము. మన గోదావరి మండలములో తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ పద్యము రాని పల్లె యుండదు. ఏలూరు వై.ఎం.హెచ్.ఎ. హాలు మొదలు ఊరి రచ్చబండ దాక ఆ పద్యములు వినబడుచునే యున్నవి. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1920లోను, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1950లోను కీర్తిశేషులైనారు. ఇద్దరు కలసి వ్రాసినచో చివర పోయినవారి నుండి లెక్క. మన చట్టములో గడువు మొదట 50 ఏండ్లుగా నుండి, రవీంద్రనాథ ఠాకూరు రచనల గడువు తీరు సమయమున, 1992లో 60 ఏండ్లకు పెరిగినది. ఆ లెక్కన ఆ నాటకముల హక్కు 2010 డిసెంబరుతో ముగిసినది. 2011 జనవరి 1 నుండి ఆ పద్యములు చట్టరీత్యా కూడ తెలుగువారందరి సొత్తు.

ఇందరు స్వాములు గల పాటలో వ్రాసినవానికి దక్కినదెంత? చాలకాలము దక్కినది స్వల్పము. నిర్మాత డబ్బిచ్చి వ్రాయించుకొనిన పాట నిర్మాతదే యని మన సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పినది. పాడిన గాయకునికి ఏ హక్కును లేకుండుట చింతింపదగినదని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యరు ఆ సందర్భముననే వ్రాసినారు. గాయకులకు, వాద్యకారులకు హక్కులు 1994 సవరణతో వచ్చినవి. 2012 జూన్ 21 నుండి అమలులోనికి వచ్చిన సవరణ కవికి, సంగీత దర్శకునికి మరియొక బలమునిచ్చినది. సినిమాహాలులో తప్ప మరెక్కడ ఆ పాట వాడినను వచ్చు రాయల్టీలో వారికి సమాన భాగముండవలెను. ఆ భాగమును వారు వ్రాసి యిచ్చివేసినను చెల్లదు. అక్కరలో నున్న కవిచేత ఒక్క సంతకముతో సర్వము పుచ్చుకొను పద్ధతికి ఇది అడ్డుకట్ట.

హక్కులు పెరిగిన కొలది స్నేహితుల నడుమ కూడ చిక్కులు వచ్చును. 2017 మార్చిలో శ్రీ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారు అమెరికాలో కచేరీలు చేయుచుండగా, తన అనుమతి లేక తన స్వరములు పాడరాదని శ్రీ ఇళయరాజాగారి న్యాయవాది నుండి నోటీసు అందినది. టిక్కెట్లు కొని కూర్చుండిన ప్రవాసాంధ్రులు ఆశ్చర్యపోయినారు. పాడిన గొంతు ఒకరిది, కూర్చిన స్వరము ఒకరిది; ఇద్దరును మనకు కావలసినవారే. బాలసుబ్రహ్మణ్యముగారు ఆ పర్యటనలో ఆ పాటలను మాని ఇతర సంగీత దర్శకుల పాటలు పాడినారు. తరువాత వారిరువురును కలసి ఒకే వేదికపైకి వచ్చినారు. అయితే ఆ ఘటన ఒక సంగతిని తేటపరచినది. టిక్కెట్టు పెట్టి నడపు కచేరీ వ్యాపారము. వ్యాపారములో స్వరకర్తకు వాటా అడుగు హక్కున్నది.

ఈ తగవునకు రేడియో కూడ వెలుపల లేదు. 1952లో ప్రసార శాఖ మంత్రియైన డాక్టరు బి.వి. కేస్కరు ఆకాశవాణిలో సినిమాపాటలను బాగుగ తగ్గించినారు. సినిమా పేరు చెప్పుట ప్రకటన యగునని, పాటకు ముందు దానిని చెప్పుట కూడ మాన్పించినారు. నిర్మాతలు కినిసి, పాటలకిచ్చిన అనుమతిని ఉపసంహరించుకొనినారు. కొద్ది నెలలలో సినిమాపాట ఆకాశవాణి నుండి కనుమరుగైనది. శ్రోతలు ఏమి చేసినారు? ఏ పక్షము న్యాయమో విచారింపలేదు. ముల్లు త్రిప్పి రేడియో సిలోను పట్టుకొనినారు. ఆకాశవాణి 1957 అక్టోబరు 3న వివిధభారతిని ప్రారంభించిన తరువాత గాని ఆ శ్రోతలు తిరిగి రాలేదు. పెట్టె ఎంత మంచిదైనను, పాట ఎక్కడ నున్నచో శ్రోత అక్కడికే పోవునని రేడియో పెద్దలు ఆ దినములలో నేర్చుకొనినారు. పాటకు వెల కూడ ఉన్నదని తరువాత నేర్చుకొనినారు. ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములు తమ నికర ప్రకటనల ఆదాయములో నూటికి 2 వంతులు పాటల స్వాములకు ఇయ్యవలెనని కాపీరైటు బోర్డు 2010 ఆగస్టులో నిర్ణయించినది. మరియొక మాట. 1980ల దాక గృహస్థులు తపాలా కచేరీలో రేడియో లైసెన్సు రుసుము కట్టినారు గదా. అది పెట్టె కొరకు ప్రభుత్వమునకు కట్టినది, పాట కొరకు కాదు.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నలకు వత్తము. పెండ్లి పందిరిలో, ఊరేగింపులో పాటలు పెట్టినచో రుసుము కట్టవలెనా? కాపీరైటు చట్టము 52వ సెక్షనులో దీనికి స్పష్టమైన మినహాయింపు ఉన్నది. నిజమైన మత సంబంధ కార్యమునందు పాట పాడుటయు, రికార్డు వినిపించుటయు హక్కు భంగము కాదు. పెండ్లి ఊరేగింపు, పెండ్లికి సంబంధించిన ఇతర వేడుకలు కూడ అందులో చేరునని ఆ సెక్షనులోనే వివరణ గలదు. ఫాల్గుణములో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లి జాతరలో భక్తి పాట మ్రోగినను ఆ మినహాయింపు నీడలోనిదే. పెండ్లి విషయములో ఈ నియమమునకు విరుద్ధముగ రుసుము అడుగరాదని కేంద్ర ప్రభుత్వపు పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక శాఖ 2023 జూలై 24న కాపీరైటు సంఘములకు బహిరంగ ప్రకటన ద్వారా చెప్పినది. అట్టి కోరికలకు లొంగవద్దని ప్రజలను కూడ హెచ్చరించినది.

అయితే ఈ మినహాయింపును గొడుగువలె ఎంతైనను చాపవచ్చునని తలపరాదు. ఇదే విషయముపై గోవా ప్రభుత్వము వెలువరించిన సర్క్యులరును బొంబాయి హైకోర్టు 2024లో కొట్టివేసినది. పెద్ద హోటళ్లలో వ్యాపార నిర్వాహకులు నడపు వేడుకల సంగతి హైకోర్టులలో వాదమునకు వచ్చినది. జాతీయ రహదారి ప్రక్కన హోటలు పెట్టి, గిరాకీ కొరకు రోజంతయు పాటలు వేయువాడు పెండ్లి పేరు చెప్పి తప్పించుకొనలేడు. కొత్త సంవత్సరపు రాత్రి టిక్కెట్టు పెట్టి కచేరీ నడపువాడును అంతే. మరి ఊరి యువకులు ఉచితముగ నాటకమాడినచో? వృత్తి కాని నాటక సమాజము డబ్బు పుచ్చుకొనక ప్రదర్శించినను, దేవాలయము మొదలగు మత సంస్థ సహాయార్థము ప్రదర్శించినను చట్టము అడ్డు చెప్పదు. నివాస గృహ సముదాయములో కాపురమున్నవారందరి వాడుకకు కట్టిన గదిలో రికార్డు వినిపించుకొనినను తప్పు లేదు.

ఎవరైన వచ్చి రుసుము అడిగినచో గృహస్థు చేయవలసినది కలహము కాదు, ప్రశ్న. తాము చట్టము క్రింద నమోదైన సంఘమా, లేక హక్కులు కొనిన కంపెనీయా? ఏ పాటలపై, ఏ హక్కు? 52వ సెక్షనులోని పెండ్లి మినహాయింపు ఈ వేడుకకు ఏల వర్తింపదు? ఈ మూడింటికి వ్రాతమూలకముగ జవాబు కోరవలెను. సరియైన హక్కుదారు వ్రాసి యిచ్చుటకు జంకడు. మైకుసెట్టు అద్దెకిచ్చువారు కూడ ఈ సంగతి తెలిసికొని యుండుట మేలు. ఏలయన అడుగువారు తరచుగ ముందు పట్టుకొనునది వారినే.

మూడవ ప్రశ్న మిగిలినది. పెండ్లిలో రుసుము ఇయ్యకున్నచో కవికి అన్యాయమా? కాదు. శుభకార్యము వేళ పాట ఊరిదని చట్టమే అంగీకరించినది. కవికి అన్యాయము జరుగునది మరియొక చోట. ఆయన పాటతో ధనమార్జించువారు ఆయన వాటా ఎగవేసిన చోట. ఆయన పేరు చెరిపి మరియొకరి పేరు వేసిన చోట. సినిమా విడుదలైన దినముననే దొంగప్రతి ఫోను నుండి ఫోనునకు పోయిన చోట. ఈ చివరి పనిలో మన చేయి కూడ ఉండవచ్చును. పెట్టె మనదే గాన అందులో ఏమి చేసినను చెల్లునని తలచుట పొరపాటు. పాట ఎవరిదో పరాయివారిది గాన ఇంటిలో నోరు మెదపరాదని భయపడుటయు పొరపాటే.

కావున పాట ఎవరిదని ఒక్క ప్రశ్న వేసి ఊరకుండక, మరి మూడు కూడ వేయవలెను. ఎంతకాలము వారిది? ఏ చోట వారిది? దానితో మనము చేయుచున్నది ఇంటి వేడుకా, వ్యాపారమా? గడువు తీరిన పద్యమును నిర్భయముగ పాడుకొనవచ్చును. గడువున్న పాటను ఇంటిలో విని ఆనందింపవచ్చును, పెండ్లిలో మ్రోగింపవచ్చును, దానితో వ్యాపారము చేసినచో మాత్రము వాటా ఇయ్యవలెను. ఇక మేము ప్రసారము చేయు పాటకు ముందు కవి పేరు, స్వరకర్త పేరు, గాయకుల పేరు చెప్పుట ఆచారము. వేళ చాలనప్పుడు శ్రోతలకు అది వృథా యనిపించవచ్చును. కాని పాట వారిదని సభాముఖమున చెప్పుట వారికి చెల్లవలసిన బాకీలో మొదటి భాగము. ఆ పేర్లను మీరును పిల్లలకు చెప్పుడు. సెలవు.